కబీరు పేరునకు ఉపనయనము

నెల దినముల క్రిందట మా అక్కగారి యింట బారసాల జరిగినది. నా మేనకోడలు తన కుమారునకు కబీరు అని పేరు పెట్టుకొనవలెనని ముచ్చటపడెను. ఆమె కళాశాలలో హిందీ చదివినది. ఆ సాధువు దోహాలన్న ఆమెకు ప్రాణము. భర్తయు సమ్మతించెను. కాని మా బావగారు ససేమిరా యనిరి. “మన యింట తురక పేరా?” అని యొక్క మాట యని భోజనము మానిరి. మూడు దినములు ఇంటిలో ఎవరి ముఖమునను కళ లేదు. నాల్గవ దినమున వియ్యాలవారి బంధు వొకరు, రైలుస్టేషనులో ఎవరో పంచిపెట్టిన చిన్న పొత్తము నొకదానిని తెచ్చి బావగారి చేతిలో పెట్టిరి. కబీరు అనునది అరబ్బీ మాట కానే కాదనియు, అది ఋగ్వేదములోని “కవిర్” అను పదమే యనియు, సాక్షాత్తు పరమేశ్వరుని నామమనియు అందు వ్రాయబడి యున్నది. బావగారు రెండుమాఱులు చదివి, కంటియద్దములు తీసి తుడుచుకొని, “ఈ సంగతి ముందే చెప్పరేమి?” అనిరి. ఇరువదియొకటవ దినమున పళ్లెములో బియ్యము పోసి తండ్రి బంగారపుటుంగరముతో పేరు వ్రాయబోగా, బకారము అపభ్రంశమని, వేదమున నున్నది వకారమని బావగారు దిద్దించిరి. బియ్యములో “కవీరు” అని పడినది. అందఱును అక్షతలు వేసిరి. నేనును వేసితిని. పాయసము త్రాగి యింటికి వచ్చితిని గాని ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

కార్యము నెరవేరినది గదా, నీ కేమి కష్టమని చదువరు లడుగుదురు. మా అక్కగారును అదియే యడిగిరి. బిడ్డకు పేరు దొరకినది, ఇల్లు చల్లబడినది; నడుమ నొక తప్పు వ్యుత్పత్తి ఎవరి కేమి కీడు చేసినది? చెప్పెదను. మా బావగారు అంగీకరించినది కబీరును గాదు. ఏ మనుష్యుని పేరని మూడు దినములు అన్నము మానిరో ఆ మనుష్యుని నట్లే గడప వెలుపల నిలిపి, అతని పేరును మాత్రము కడిగి, జందెము వేసి, లోనికి తెచ్చుకొనిరి. ఇది పరమతసహన మని నలుగురును మెచ్చుకొనుచున్నారు. నాకు మాత్ర మిది దొంగతనమువలె తోచుచున్నది.

ముందు వ్యాకరణము సంగతి తేల్చుకొందము, అది సులభము. కవి శబ్దము ఇకారాంతము, పుంలింగము. ప్రథమైకవచనమున “కవిః” అగును. ఆ విసర్గమునకు పిమ్మట అచ్చుగాని మృదువైన హల్లుగాని వచ్చినప్పుడు అది రేఫ మగును. కవిః అస్తి యన్నది కవిరస్తి యగును. ఈ మాట మన పాఠశాలలో సంస్కృతము మొదటి సంవత్సరము చదివిన బాలుడును చెప్పగలడు. ఆ రేఫము శబ్దములోనిది గాదు. ప్రక్కవాని రాకచే పుట్టినది, ప్రక్కవాడు పోయిన పోవును. కాబట్టి వేదమున “కవిర్” అను పేరుగల దేవుడు లేడు. కవి యను విశేషణమున్నది; దూరము చూడగల జ్ఞాని యని దాని యర్థము. అగ్నిని, సోముని ఋషులు పలుమాఱు అట్లు పిలిచిరి. పొత్తమువారు గొప్పగా చూపు మంత్రము తొమ్మిదవ మండలములోనిది. ఆ మండల మంతయు రాళ్లతో నలిపి ఉన్నిజల్లెడలో వడియగట్టు సోమరసమును స్తుతించునది. కాశిలో మగ్గము నేసిన మనుష్యుని గుఱించి యందు వెదకువాడు, సోమరసము కొంత త్రాగి వెదకి యుండవలెను.

ఈ న్యాయమే చెల్లునేని, హరిః అస్తి యన్నది హరిరస్తి యగును గదా. అరబ్బీలో హరీర్ అనగా పట్టు. వైకుంఠవాసియైన హరి నిజమునకు అరబ్బు దేశపు పట్టువర్తకుడని యే మౌల్వీగారైన నొక పొత్తము అచ్చువేసి పంచినచో మా బావగారు ఊరకుందురా? షేక్స్పియరు మహాకవి మన దక్షిణదేశపు శేషప్పయ్యరే యని పెద్దలు నవ్వుటకు చెప్పుకొనువారు. వారు నవ్వుటకు చెప్పిరి; వీరు నమ్ముటకు చెప్పుచున్నారు. భేద మంతమాత్రమే.

ఉత్తరదేశపు భాషలలో వకారము బకారముగా పలుకబడు ననియు, అందుచే కవిర్ కబీరైన దనియు పొత్తములో నింకొక యుక్తి యున్నది. మొదటి సగము నిజమే. ఆ దేశమున కవిని కబి యందురు. అందువలన మనకు దొరకునది “కబి” మాత్రమే. దీర్ఘమైన ఈకార మెక్కడిది? తుది రేఫ మెక్కడిది? సంస్కృత విసర్గములు ప్రాకృతములలోనే రాలిపోయినవి. వేయి సంవత్సరముల క్రిందట రాలిన విసర్గము, రేఫమై, దీర్ఘమును వెంటబెట్టుకొని యొక సాలెవాని యింట మరల మొలచిన దనుట కంటె సోమరసము కథయే నయము.

ఇక అసలు సంగతి. అరబ్బీలోను ధాతువులు గలవు. అవి చాలవఱకు మూడేసి హల్లులు. క, బ, ర అను హల్లుల ధాతువునకు గొప్పయగుట యని యర్థము. కబీర్ అనగా గొప్పవాడు, పెద్దవాడు. అక్బర్ అనగా మిక్కిలి గొప్పవాడు. దానికి స్త్రీలింగము కుబ్రా. మహిమ యను నర్థమున కిబ్రియా. దేవుడు గొప్పవాడని నోరార పలుకుట తక్బీరు. మన యూళ్ల మసీదులనుండి దినమున కైదుమాఱులు వినవచ్చు పిలుపులో మొదట వచ్చునది యీ ధాతువే. మా బావగారు పుట్టినది మొదలు దానిని వినుచునే యున్నారు. ఖురాను పదమూడవ అధ్యాయమున దేవునికి “అల్ కబీర్” అను నామము చెప్పబడినది; ముసల్మానులు జపించు తొంబదితొమ్మిది నామములలో నిది యొకటి. ముందు “అల్” లేనిచో అది సామాన్య విశేషణము, మనుష్యులకును చెల్లును. 14వ శతాబ్దిలో కాశ్మీరమునకు వచ్చిన సయ్యద్ అలీ హమదానీ యను సూఫీని అమీరె కబీర్ అనిరి. ఇందు రహస్య మేమియు లేదు. ముసల్మాను గృహమున పుట్టిన లేక పెరిగిన బిడ్డకు ముసల్మానులు పెట్టుకొను పేరు పెట్టిరి.

ఆ బిడ్డ పెరిగి తన పేరునకు అర్థ మెఱుగకయే యుండెనా యన్న, అదియు లేదు. 1604లో గురు అర్జునదేవుడు కూర్చిన సిక్కుల ఆదిగ్రంథమున కబీరు పదములు రెండువందలకు పైగా నున్నవి. సలోకులు వేఱుగా నున్నవి. వానిలో నొక సలోకున అతడు దేవునితో తన పేరును గుఱించి ముచ్చటించును: గొప్పవాడవు నీవే, నీ పేరే కబీరు, ఈ దేహాభిమానము వదలినప్పుడు గదా రామరత్నము దొరకును, అని దాని భావము. అరబ్బీ యర్థము తెలియనిచో ఆ శ్లేష కూడనే కూడదు. గొప్పవాడను పేరు మోయుచున్న నేను గొప్పవాడను గాను, ఆ పేరు దేవునిదే యని సిగ్గుపడుచున్న సాధువు అందు కనబడును. వ్యుత్పత్తి మార్చినవారు ఆ సిగ్గును గూడ తుడిచివేసిరి.

ఈ పేరును గుఱించి కబీరుపంథీయులు చెప్పుకొను కథ యొకటి యున్నది. 1907లో వెస్ట్కాట్ అను క్రైస్తవ మతాచార్యుడు కబీరును గుఱించి వ్రాసిన గ్రంథమునను అది కలదు. చరిత్రగా దీనిని నేను ప్రమాణింపను. కాని కథ చెప్పినవారి మనస్సునకు మాత్ర మది మంచి ప్రమాణము. నీరు అను సాలెవాడును, నీమా యను భార్యయు బిడ్డకు పేరు పెట్టుటకు ఖాజీని పిలిచిరి. ఆయన ఖురాను తెఱచెను. కంటబడిన మాట కబీర్. మరల తెఱచెను: అక్బర్. మరల కుబ్రా; మరల కిబ్రియా. ఖాజీ దిగ్భ్రమ చెందెను. భగవంతుని మహత్త్వమును చెప్పు మాట లొక సాలెవాని కొడుకునకా! ఇంకను కొందఱు ఖాజీలు వచ్చి తెఱచిరి. అవే మాటలు వచ్చినవి. ఈ శిశువు బ్రతికిన అనర్థమని, చంపివేయుమని వారు నీరునకు బోధించి రట. బిడ్డ బ్రతికెను; పేరు నిలిచెను.

చదువరులారా, ఈ కథలో ఖాజీల స్థానమున మన బావగారిని నిలిపి చూడుడు. ఖాజీలకు ఆ పేరు బిడ్డకంటె గొప్పదైనది. బావగారికి ఆ పేరు తమ యింటికంటె తక్కువైనది. ఇరువురికిని బాధ యొకటియే: పేరునకును పుట్టుకకును పొత్తు కుదురలేదు. ముసల్మానులలోను జులాహాలనగా చులకన. వారి తెలివితక్కువను గుఱించి ఉత్తరదేశమున పుట్టిన సామెతలు కొల్లలు. గత శతాబ్దిలో వారు ఆ జులాహా శబ్దమును వదలి, మోమిన్ అనియు, అన్సారీ యనియు చెప్పుకొనుట మొదలిడిరి. ఊరక చెప్పుకొనలేదు.

ఈ విషయమున మన శాస్త్ర మేమి చెప్పినదో కూడ చూతము. ఇతరుల యింటి ధూళి నెంచి మన యింటిది దాచుకొనుట న్యాయము గాదు. మనుస్మృతి రెండవ అధ్యాయమున నామకరణ విధి యున్నది. బ్రాహ్మణుని పేరు మంగళకరముగా, క్షత్రియుని పేరు బలము గలదిగా, వైశ్యుని పేరు ధనముతో కూడినదిగా నుండవలె నట. శూద్రుని పేరు అసహ్యము గొలుపునదిగా నుండవలె నట. అచ్చున చూడనివారు నేను కల్పించితి నని యనుకొందురు గాన, రెండవ అధ్యాయమున ముప్పదియొకటవ శ్లోకము చూచుకొనవచ్చును. దీనికి స్మృతి చదువ నక్కఱలేదు. మన పల్లెలలో నడచిన పద్ధతి చాలును. రామయ్య యను పేరు కరణముగారి యింట రామయ్యగారు. అదే పేరు పాలేరునందు రాముడై, రామిగాడై, తుద కొక కేకగా మిగులును. తండ్రి పెట్టిన పేరును పిలుచువారే కుదించి, నీ హద్దిది యని రోజునకు పదిమాఱులు జ్ఞాపకము చేసిరి. అట్టి దేశమున నొక నేతగాడు తన బిడ్డను “గొప్పవాడు” అని పిలుచుకొనెను. ఆ మాట అతనికి తన మతమునుండి దొరకినది. పొత్తమువారు ఆ మాటను నేతగాని చేతినుండి లాగికొని, “ఇది నీది గాదు, మా వేదములోనిది” అనుచున్నారు. వేదము నతని చేతి కిచ్చిరా యన్న, అదియు లేదు.

పేరుతో నాగలేదు, పుట్టుకను గూడ మార్చిరి. కబీరు ఒక బ్రాహ్మణ వితంతువునకు పుట్టెననియు, ఆమె లోకమునకు వెఱచి శిశువును కాశి చెంత లహర్తారా చెఱువుకడ విడిచె ననియు, నీరు నీమాలు ఎత్తుకొని పెంచి రనియు మన బడిపుస్తకములు సయితము చెప్పుచున్నవి. బిడ్డ తల్లి యరచేతినుండి పుట్టెననియు, అందుచే కరవీరుడై, అదియే కబీరైన దనియు మఱొక వ్యుత్పత్తి. కరవీరమన్న గన్నేరు చెట్టని గూడ వీరికి జ్ఞాపకము రాలేదు. పుట్టుకయే లేక తామరపూవుపై వెలసినాడని యింకొకటి. ఈ కథల కన్నింటికిని గమ్యస్థాన మొకటియే: ఆ సాలెయిల్లాలి గర్భము తప్ప మఱి యెక్కడనుండియైన కబీరు రావచ్చును!

ప్రాచీనులు ఇట్లు చెప్పలేదు. కాశిలోనే యుండిన రవిదాసు, చర్మకారుడైన సాధువు, తన పదమున కబీరును పేర్కొనెను. అదియు ఆదిగ్రంథముననే యున్నది. ఎవని కులమువారు ఈదు పండుగలలో గోవును కోయుదురో, షేకులను పీరులను మన్నింతురో, ఆ వంశమున పుట్టియు కబీరు మూడు లోకముల ప్రసిద్ధుడయ్యెనని దాని భావము. వెంటనే రవిదాసు తన కులమువారు కాశి పొలిమేరలలో చచ్చిన పశువుల నీడ్చుట గూడ చెప్పుకొనెను. దాచుకొనుట ఆయనకు తెలియదు. 1600 ప్రాంతమున అనంతదాసు వ్రాసిన కబీరు చరిత్రమును కాశిలోని జులాహా యనియే మొదలిడును. ఇంచుమించుగా ఆ కాలముననే అబుల్ ఫజల్ తన ఐనె అక్బరీలో కబీరును ఏకేశ్వరవాది యని పేర్కొనెను. వీరెవ్వరికిని బ్రాహ్మణ వితంతువు కనబడలేదు. కబీరు సయితము తన్ను జులాహా యని పదపదమునను చెప్పుకొనెను. పడుగును పేకను బ్రహ్మాండమునకు పోల్చెను. పండితుడు తన పుట్టుకను ఎత్తిపొడిచినప్పుడు తిరిగి యెత్తిపొడిచెను. ఆయన నోట వచ్చిన సాక్ష్యమునకంటె మూడు వందల యేండ్ల పిమ్మటి పుక్కిటిపురాణము మన కింపైనది.

ప్రతిపక్షమువారి పక్షమున చెప్పదగినది యొకటి కలదు, దాచను. 1942లో హజారీప్రసాద ద్వివేదిగారు “కబీర్” అను గ్రంథమున నొక విషయము నిరూపింప జూచిరి. కబీరు పెరిగిన జులాహాలు అచిరకాలము క్రిందట ముసల్మానులైనవారనియు, అంతకుముందు వారు నాథపంథపు గృహస్థ యోగులనియు, అందుచేతనే ఆయన పదములలో హఠయోగ పరిభాష యంతగా నున్నదనియు వారి వాదము. ఇది పండితుని వాదము. ప్రమాణములు చూపి చేసిన వాదము. అంగీకరించినను నష్టము లేదు. ఆ యోగులు బ్రాహ్మణులు గారు, వర్ణాశ్రమమునకు వెలుపలివారే. కొత్త మతమున చేరినవారు బిడ్డకు కొత్త మతపు పేరు పెట్టుకొనుట సహజము. రాముని పేరు జపించెను గాన కబీరు హిందువే యను వారికిని నా సమాధాన మిదియే: పేరు తలిదండ్రు లిచ్చునది, నమ్మకము తాను సంపాదించుకొనునది. రెండవదానిని చూపి మొదటిదానిని దిద్దుట యెందులకు?

భక్తులు పేరుతో ఆడుకొనుట నేను తప్పుపట్టను. మన పౌరాణికులు ప్రతి నామమునకును పది వ్యుత్పత్తులు చెప్పుదురు, విని యానందింతుము. అది శ్లేష, అది ప్రేమ. ఎవరి పేరును ఎవరినుండియు తీసికొనుట అందు లేదు. పొత్తమువారి వ్యుత్పత్తి యన్ననో, ఒక ఋణపత్రమువంటిది. ఆస్తి తమదని వ్రాయించుకొనుట. అయినను వారి చాకచక్యము పూర్తిగా పాఱలేదు. “కబీర్ సాహెబు” అని వారే యచ్చువేసిరి. సాహెబు అను మాటయు అరబ్బీయే యని వారికి స్ఫురింపలేదు కాబోలు. దానికి వేదమున నేమి మూలము చూపుదురో చూడవలెనని నాకు వేడుకగా నున్నది.

మన తెనుగువారి కబీరు సంగతి యొక్కటి చెప్పవలెను. భద్రాచల రామదాసుకథ వినని తెనుగు ఇల్లు లేదు. కంచెర్ల గోపన్నకు తారకమంత్ర ముపదేశించి రామదాసును జేసినవాడు కబీరుదాసే యని హరిదాసులు చెప్పుదురు. కాలము సరిపడదు. కబీరు 15వ శతాబ్దివాడు. మిక్కిలి ఆలస్యముగా చెప్పువారును ఆయన మరణమును 1518లో పెట్టుదురు. గోపన్న తానాషా కాలమువాడు; తానాషా గోలకొండ నేలినది 1672 మొదలు. నడుమ నూట యేబది యేండ్లు. కాబట్టి ఇది చరిత్ర గాదు. అయినను ఈ కథ కల్పించిన తెనుగువాడు ఎంత హృదయము గలవాడో చూడుడు! తన రామభక్తునకు గురువు కావలసి వచ్చినప్పుడు ముసల్మాను ఫకీరును పిలిచెను. ఆ ఫకీరునకు జందెము వేయలేదు, పేరు దిద్దలేదు. గుడిలోనికి రాకుండ పూజారు లడ్డగించిరని చెప్పి, పూజారులనే తప్పుపట్టెను. మా చిన్ననాట హరికథ చెప్పు దాసుగారు ఆ ఘట్టమున గొంతు పెంచి పూజారులను దూషించుచుండగా, మా బావగారే ముందువరుసలో కూర్చుండి కన్నులు తుడుచుకొనుచుండిరి. ఆ కన్నీళ్లను నేను మఱచిపోలేదు.

మొన్న ఆదివారము పోయి ఇదంతయు వారికి చెప్పితిని. బారసాలనాడు నోరు మెదపక అక్షతలు వేసినవాడవు ఇప్పు డేల వచ్చితివని నన్ను గద్దించిరి. అది న్యాయమైన ప్రశ్న. నాయొద్ద సమాధానము లేకపోయెను. పిమ్మట చాలసేపు మాటలాడితిమి. వ్యాకరణము వారొప్పుకొనిరి; హరీర్ మాటకు నవ్వినారు గూడ. “అయితే ఇప్పుడు నన్నేమి చేయమందువు? అర్థము తెలిసికొని మరల తురకపేరే పెట్టుకొమ్మందువా?” అని యడిగిరి. ఔననిరి మేనకోడలును నేనును ఒక్కమాటుగా.

పురపాలక కార్యాలయమున జననము నమోదైనది గాని పేరు చేర్చవలసి యున్నది. దరఖాస్తులో “కవీరు” అని ముందే వ్రాయబడి యున్నది. మేనకోడలు వకారమును కొట్టివేసి, ప్రక్కన బకారము వ్రాసి, భర్తచేత సంతకము చేయించి, తండ్రిగారి బల్లమీద పెట్టెను. బావగారు దానిని చింపలేదు. కార్యాలయమునకు పంపనును లేదు. కంటియద్దముల డబ్బా దానిమీద బరువుగా పెట్టి, సాయంకాలపు నడకకు వెడలిపోయిరి.